ఊరివారి అంగడి

న్యూయార్కు నగరమున మన్‌హాటన్ ద్వీపపు దక్షిణభాగమందు, లడ్లో వీధియు హౌస్టన్ వీధియు కలియు మూలను, చుట్టును లేచిన గాజుమేడల నడుమ పొట్టి భవనమొకటి కలదు. టెక్సాసులో మనవారు వేలకొలది కాపురముండు నగరమును తలచుకొని ఈ వీధిని కూడ హ్యూస్టన్ అని పిలిచినచో, అచ్చటివారు వెంటనే హౌస్టన్ అని దిద్దుదురు. అక్షరములు రెండింటికి నొకటే గాని పలుకు వేరు. ఆ భవనపు నొసట నిలువుగా దిగిన దీపాక్షరములలో కాట్జ్ అను పేరు వెలుగుచుండును. దాని వాకిట జనము బారులు తీరి నిలిచియుందురు. వారిలో ఆ పేటలో పుట్టి పెరిగిన వృద్ధులుందురు, విమానము దిగి పెట్టెలను బసలో పడవైచి నేరుగా వచ్చిన పరదేశులుందురు. వారందరు కోరి వచ్చునది రెండు రొట్టెముక్కల నడుమ పేర్చిన వెచ్చని మాంసము. ఇంత సామాన్యమైన వస్తువు నమ్ము అంగడి, బ్రూక్లిన్ వంతెనవలె, స్వాతంత్ర్యదేవతా విగ్రహమువలె, ఒక మహానగరమునకు గురుతుగా నిలిచిన వైనము నాకు చిరకాలముగా ఆలోచన గొలుపుచున్నది.

దానిని వంశపారంపర్యపు అంగడి యందురు. అయినను దాని చరిత్రను మొదటినుండి చదివినవారికి ఏ వంశమో నిర్ణయించుట సులభముకాదు. స్థాపించినవారు ఒక ఇంటివారు, పేరిచ్చినవారు వేరొక ఇంటివారు, ఆ పేరును లోకమునకు చాటినవారిలో మూడవ ఇంటివారు కలరు, నేడు నడుపుచున్నవారు నాలుగవ ఇంటివారు. ఇన్ని చేతులు మారినను చెడక నిలిచినది యేమి? ఈ వ్యాసమున నేను వెదకునది అదియే.

1881వ సంవత్సరమున రష్యాచక్రవర్తి రెండవ అలెగ్జాండరు హత్యకు గురియైన పిమ్మట, ఆ సామ్రాజ్యపు పడమటి మండలములలో యూదుల యిండ్లపై మూకదాడులు చెలరేగినవి. అంతకు ముందే వారిని పీడించుచున్న దారిద్ర్యమునకు ప్రాణభయము తోడుకాగా, 1881 మొదలు అమెరికా తన ద్వారములను మూసికొన్న 1924వ సంవత్సరమువరకు, తూర్పు ఐరోపానుండి 20 లక్షలకు పైగా యూదులు ఓడలెక్కి అమెరికాకు వచ్చిరి. వారిలో అధికసంఖ్యాకులు మొదట కాలుమోపినది మన్‌హాటనులోని లోయర్ ఈస్ట్ సైడ్ అను పేటయందే. ఐదారంతస్తుల ఇరుకు భవనములు, గాలి వెలుతురు చొరని గదులు, ఒక్కొక్క గదిలో ఒక కుటుంబము, ఆ కుటుంబముతోపాటు కుట్టుపని చేసికొను బాడుగవారు, వీధిలో తోపుడుబండ్ల సందడి: ఇది ఆ పేట స్వరూపము. అంతకు ముందు తరమున అక్కడ జర్మనులు నివసించిరి. ఆ ప్రాంతమును జనులు చిన్న జర్మనీ యనుచుండెడివారు. నిలువచేసిన మాంసములు, ఊరగాయలు, జున్నులు మొదలగు రుచిపదార్థములమ్ము దుకాణమునకు డెలికటెసెన్ అను పేరు వారు తెచ్చినదే. అద్దెయింటిలో వెనుకటి కాపురమువారు గోడకు కొట్టిన మేకు వలె, ఆ మాట అక్కడనే నిలిచి, తరువాత వచ్చిన యూదుల కుపయోగపడెను.

దుకాణమువారు చెప్పుకొను చరిత్రనుబట్టి 1888వ సంవత్సరమున ఐస్‌లండ్ అను ఇంటిపేరుగల సోదరులు లడ్లో వీధిలో ఒక చిన్న డెలికటెసెనును, అనగా వాడుకలో డెలిని, తెరచిరి. 1903లో విల్లీ కాట్జ్ అను నతడు భాగస్వామిగా చేరగా పేరు ఐస్‌లండ్ అండ్ కాట్జ్ అయ్యెను. 1910లో అతని పినతండ్రి బిడ్డ యనదగిన బెన్నీ వచ్చి చేరెను. కాట్జులిద్దరును కలిసి ఐస్‌లండ్ సోదరుల వాటాను కొనివైచిరి. అప్పటినుండి అది కాట్జ్ డెలికటెసెన్. 1917 ఏప్రిలులో హారీ టారోవ్‌స్కీ అను మూడవవాడు వాటా కొని లోనికి వచ్చెను. ఇతడు వారికి రక్తబంధువు కాడు. అతనిని వారు తమ యిడ్డిషు భాషలో లాండ్స్‌మన్ అనిరి. ఆ మాటకు తెలుగున నిఘంటువు వెదకనక్కరలేదు. ఊరివాడు అని యర్థము.

మన పల్లెలనుండి పట్టణములకు పోయినవారికి ఆ మాట బరువు తెలియును. పరదేశమున చుట్టము దొరకనపుడు ఊరివాడే చుట్టము. న్యూయార్కులోని యూదులు ఆ బంధమును మాటతో విడిచిపెట్టక వ్యవస్థగా రూపొందించిరి. ఒక ఊరినుండి వచ్చినవారందరు ఒక సంఘముగా నేర్పడి, నెలకింత చందా వేసికొని, రోగమున పడినవానికి సాయము, చనిపోయినవానికి శ్మశానమున చోటు, విధవకు కొంత సొమ్ము సమకూర్చుచుండిరి. ఊరు సముద్రమునకు ఆవల మిగిలిపోయెను; ఊరివారు మాత్రము ఈవల ఊరుగా నిలిచిరి. హారీ టారోవ్‌స్కీని వాటాదారుగా చేర్చుకొన్నది ఆ నమ్మకమే. వంశపు అంగడి అని లోకము చెప్పుకొనుచున్న దానికి రక్తబంధముతోపాటు ఊరి బంధమును పునాదియని నేననుకొందును.

ఇక తినుబండారమును గూర్చి. అది పశుమాంసము. మన పాఠకులలో కొందరికది నిషిద్ధము, మరికొందరికి ఇంటి కూడు. ఏది తినవచ్చును, ఏది తినరాదు, దేనితో దేనిని కలుపరాదు అను విచారము మనకెంత పాతదో యూదులకు నంత పాతది. మాంసమును పాలతో చేర్చి తినుట వారి ధర్మశాస్త్రము నిషేధించినది. పశువును వధించు విధానమునకు కట్టుబాట్లు విధించినది. శనివారమున పని మానుమని శాసించినది. కాట్జ్ అంగడి ఈ సంప్రదాయపు రుచులను నిలుపుకొన్నది గాని శాసనములను నిలుపుకొనలేదు. నేడది శనివారము కూడ తెరచియుండును. వేడి మాంసముపై జున్ను కరగించి యిచ్చు రూబెన్ అను సాండ్విచ్ అక్కడ దొరకును. నిష్ఠాపరులైన యూదులు అందుచేత అక్కడ భుజింపరు. ఆ నిష్ఠను గౌరవించుచునే, ఈ సడలింపువలన ఆ అంగడి ఒక మతమువారిదిగా మిగులక ఊరందరిదియైనదని కూడ చెప్పక తప్పదు.

అక్కడ పేరెన్నికగన్నది పాస్ట్రామి. ఆ మాట ప్రయాణమే ఒక కథ. తురుష్కులు మాంసమును బరువు క్రింద అదిమి, ఉప్పుపట్టించి, ఎండబెట్టి నిలువచేసికొనుచు, దానిని అదుముట అను నర్థముగల మాటతో బస్తుర్మ అని పిలిచిరి. అది రొమేనియాకు చేరి పాస్ట్రమ అయ్యెను. అక్కడి యూదులు బాతుజాతి పక్షి మాంసముతో దానిని చేసికొనెడివారు. అమెరికాకు వచ్చిన తరువాత ఆ పక్షి ప్రియమై, పశువు పొట్టభాగపు క్రొవ్వుగల మాంసము చవకయగుటచే, పేరు పాతదే నిలిచి వస్తువు మారిపోయెను. పిమ్మట సలామీకి ప్రాసగా కుదురునట్లు చివరి యచ్చు కూడ మారి పాస్ట్రామి అయినది. ఆ మాంసమును మొదట మసాలా కలిపిన ఉప్పునీటిలో ఊరవేయుదురు. కాట్జువారు దానిని 30 దినములవరకు ఊరనిత్తురు. ఊరిన తరువాత పైన మిరియాలు, ధనియాలు మొదలైనవి దట్టముగా పట్టించి, మంట తగులనీయక సన్నని పొగలో మ్రగ్గించి, ఉడికించి, తుదకు ఆవిరిపై మెత్తబరచి, చేతికత్తితో కోసి, రై అను ధాన్యపు రొట్టెముక్కల నడుమ ఎత్తుగా పేర్చి, ఆవపిండి ముద్ద పూసి యిత్తురు. ప్రక్కన ఉప్పునీటిలో ఊరిన దోసకాయలు: సగము ఊరి పచ్చిగా కరకరలాడునవి కొన్ని, నిండుగా ఊరి పులిసినవి కొన్ని. మిరియము, ధనియము, ఆవ, ఉప్పు అను ఈ నాలుగును మన వంటయింటి పోపులపెట్టెలోనివే. ఇంత దూరపు తిండిని గూర్చి చదువునపుడు కూడ మనకు నోరూరుటకు అది కారణము కావచ్చును.

ఊరు అను నామమునకును, ఊరుట అను క్రియకును మన భాషలో అక్షరము లొక్కటే. వ్యాకరణమునకు ఆ రెంటికి బంధుత్వము లేకపోవచ్చును. ఈ అంగడి విషయమున మాత్రము నాకా రెండును ఒకటిగా తోచును. ఎందుకనగా, ఇందొక విచిత్రమున్నది. డెలిలో కూర్చున్న వృద్ధుడు ఈ రుచి మా ఊరి రుచియని కన్నీరు పెట్టుకొనవచ్చును. చరిత్రకారులు పరిశీలించి చెప్పునది వేరు. ఆ పేదయూదులు తమ ఊళ్ళలో మాంసము రుచి చూచినది పండుగనాడో పబ్బమునాడో. రొట్టె, ఉల్లి, బంగాళదుంప, ఉప్పుచేప వారి నిత్యాహారము. చేయెత్తు మాంసము పేర్చిన సాండ్విచ్ వారి ఊళ్ళలో ఎన్నడును లేదు. అది న్యూయార్కులో పుట్టినది. రొమేనియావాని మసాలా, జర్మనువాని దుకాణము, రష్యావాని రై రొట్టె, అమెరికా చవకమాంసము, ఈ నాలుగును ఒక పేటలో కలిసి యేండ్ల తరబడి ఊరగా తేలిన రుచియది. ఊరు విడిచి వచ్చినవారు ఊరి జ్ఞాపకముగా ఆరాధించినది వాస్తవమున తాము చేరిన క్రొత్త ఊరి వంటనే. దీనిని నేను భ్రమయని తీసివేయజాలను. వలసపోయినవాడు తన యూరిని మూటగట్టి తేలేడు. చేరినచోట దొరకిన దినుసులతో మరల వండుకొనవలసినదే.

లడ్లో వీధిలో ఒక వైపున మొదలైన దుకాణము, భూగర్భ రైలుమార్గపు నిర్మాణకాలమున వీధికి రెండవ వైపునకు, ఇప్పుడున్న చోటికి మారెను. హౌస్టన్ వీధి వైపున ఖాళీస్థలముండగా, అక్కడ మాంసపు పీపాలు, ఊరగాయ పీపాలు వరుసలుగా నుంచెడివారు. ఆ దినములలో పేటవారికి బండ్లులేవు, దూరము పోవుటకు తీరికయు లేదు. కావున చేరువనున్న ఈ అంగడియే వారికి రచ్చబండ యయ్యెను. శుక్రవారమున సాసేజియు చిక్కుడుగింజలును తినుటకు పేట యంతయు కదలివచ్చెడిది. రెండవ అవెన్యూలోను, హౌస్టన్ వీధిలోని నేషనల్ థియేటరులోను యిడ్డిషు నాటకములు వైభవముగా నడచు కాలమున, తెర దిగిన తరువాత నటులు, గాయకులు, హాస్యగాండ్రు వచ్చి యీ బల్లలచుట్టు చేరెడివారు. కుట్టుమిషను వదలి వచ్చిన శ్రామికుడును, రాజువేషము విప్పి వచ్చిన నటుడును ప్రక్కప్రక్కన కూర్చుండెడివారు. 1930 ప్రాంతమునాటికి నగరమున యూదుల డెలికటెసెనులు పదిహేను వందలకు పైబడి యుండెడివని చరిత్రకారుల లెక్క. కాట్జ్ అంగడి నాడు ఆ వందలలో నొకటి మాత్రమే.

దానికి ప్రత్యేకతను తెచ్చినది రెండవ ప్రపంచయుద్ధము. యజమానుల కుమారులు ముగ్గురు సేనలో చేరిరి. దూరద్వీపములలో పోరాడుచున్న కొడుకునకు ఇంటి తిండి పంపవలెనని తహతహలాడని తల్లి యుండదు. తాపము నోర్చి, నెలల ప్రయాణము నోర్చి చెడక చేరగల తిండి యేది? ఉప్పుతో నిలువచేసి యెండిన సలామీ. హారీ టారోవ్‌స్కీ భార్య రోజ్, తన కొడుకు ఇజ్జీ దక్షిణ పసిఫిక్కున బాంబు విమానమును నడుపుచుండగా, సేనలోనున్న మీ బిడ్డకొక సలామీ పంపుడు అను భావముగల వాక్యమును కల్పించినదందురు. న్యూయార్కువారి ఉచ్చారణలో సలామీ, ఆర్మీ అను మాటలకు ప్రాస కుదురును. ఆ వాక్యమును పలకపై వ్రాసి వ్రేలాడదీసిరి; అది నేటికిని ఆ పైకప్పునుండి వ్రేలాడుచున్నది, నేటికిని ఆ అంగడినుండి సైనికులకు పొట్లములు పోవుచున్నవి. వ్యాపార ప్రకటనలు కోట్లకొలది పుట్టి గిట్టుచుండగా ఇదొక్కటి ఎనుబదియేండ్లు బ్రతికినదన్నచో, అందు తల్లి గుండె కొట్టుకొనుచుండుటయే హేతువు.

యుద్ధానంతరము 1946 మొదలు 1949 లోపల హౌస్టన్ వీధి వైపు ముఖభాగమును కట్టి, అక్కడికి వాకిలి మార్చిరి. అంతకు ముందు లడ్లో వీధినుండియే ప్రవేశము. ఫలకముపై నేమి వ్రాయమందురని చిత్రకారుడడుగగా, హారీ టారోవ్‌స్కీ, కాట్జ్, అంతే, అని బదులు చెప్పెననియు, అతడా మాటలను ఉన్నవున్నట్లు వ్రాసివైచెననియు దుకాణమువారు చెప్పుదురు. ఆ రెండు మాటలు ఇప్పటికిని అక్కడ చదువుకొనవచ్చును. తన పేరు లేని ఫలకమునకు ఇంతకన్న నేమియు నక్కరలేదన్నవాడు వంశమున పుట్టనివాడు, ఊరివాడు. ఈ ముచ్చటను తలచినపుడెల్ల నా మనసు ఆర్ద్రమగుచున్నది.

తరువాతి దశకములు కష్టకాలము. యూదకుటుంబములు కలిమి కలిగి శివారులకు తరలిపోయెను. పేటలో ప్యూర్టోరికోనుండి వచ్చినవారు నివాసమేర్పరచుకొనిరి. 1970 తరువాత నగరము దివాలా అంచునకు చేరగా ఆ వీధులలో పాడుబడిన యిండ్లును మాదకద్రవ్యములును మిగిలెను. డెలికటెసెనులు ఒకటొకటిగా తలుపులు మూసెను. విల్లీ మరణానంతరము అతని కుమారుడు లెన్నీ అంగడిని చూచుకొనెను. 1979లో బెన్నీయు, 1980లో హారీయు గతించిరి. బెన్నీ అల్లుడు ఆర్టీ మాక్‌స్టీనును, హారీ కుమారుడు ఇజ్జీయు, అనగా ఆ సలామీ నందుకొన్న బిడ్డయే, కొంతకాలము లెన్నీతో కలిసి నడిపిరి. వారి తరువాత దీనిని చేపట్టు సంతానము లేకపోయెను. సరిగా నూరేండ్లు నిండిన 1988లో మార్టిన్ డెల్ అను భోజనశాలల వ్యాపారి, అతని కుమారుడు ఆలన్, అల్లుడు ఫ్రెడ్ ఆస్టిన్ దీనిని కొనిరి. కొన్నవారు పేరు మార్చలేదు, బల్లలు మార్చలేదు, కత్తిపని మార్చలేదు. ఆ మరుసటి యేడు విడుదలైన హ్వెన్ హారీ మెట్ సాలీ అను చలనచిత్రమున అతిప్రసిద్ధమైన హాస్యఘట్టమును ఈ అంగడిలోనే చిత్రీకరించిరి. ఆ నటీనటులు కూర్చున్న బల్లకుపైన నేడొక సూచిక వ్రేలాడుచుండును. లోకమునకు కాట్జ్ ముఖము తెలిసినది ఆ చిత్రమువలన. లోకము మరల మరల వచ్చుట మాత్రము చిత్రమువలన కాదు.

లోనికి ప్రవేశించినవానికి వాకిటిలోనే అంకెలు ముద్రించిన చిన్న చీటీ యొకటి చేతికిత్తురు. మాంసము తీసికొన్నచోటను, పానీయము తీసికొన్నచోటను అక్కడి పనివారు దానిపై వెల గుర్తింతురు. పోవునపుడు సొమ్ముతోపాటు దానిని అప్పగింపవలెను. ఏమియు తిననివాడును చీటీ తిరిగి యీయవలసినదే. పోగొట్టుకొన్నచో 50 డాలర్ల జరిమానా. అన్నియు యంత్రములకప్పగించిన నగరమున ఈ కాగితపుముక్క పట్టుదలగా బ్రతుకుచున్నది. పొడుగుపాటి అరుగు వెనుక కోతగాండ్రు నిలిచియుందురు. ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క వరుస. వారానికి దాదాపు 15,000 పౌనుల పాస్ట్రామి వారి చేతుల మీదుగా పోవునని చెప్పుదురు. అంత మాంసమును యంత్రముతో కోయరాదా యని యడుగవచ్చును. ఆవిరిపై మెత్తబడిన మాంసము యంత్రపుటంచు తగిలినంతనే చీలికలై రాలిపోవును. కండ యే దిక్కున నున్నదో వ్రేళ్ళతో గ్రహించి, దానికడ్డముగా, మరీ పలుచన కాకుండ మరీ మందము కాకుండ కోయుట అనుభవజ్ఞుని చేతికే సాధ్యము. ఆ అరుగు వెనుక నేడు స్పానిష్ మాటలాడు వలసవారు పలువురు పనిచేయుచున్నారు. యిడ్డిషు వచ్చినవాని చేతినుండి స్పానిష్ వచ్చినవాని చేతికి ఆ కత్తి మారినది; కోత మారలేదు. నేను మొదట వేసికొన్న ప్రశ్నకు, దుకాణపు పత్రములలో కనబడని సమాధానము నాకిక్కడ దొరకినది. పేరును నిలిపినది కొనుగోలు పత్రము గావచ్చును, ఊరిని నిలిపినది మాత్రము ఈ చేతులు.

ఇటీవలి కాలమున పేట మరల మారి, భూమి వెల మిన్నుముట్టెను. మధ్య మన్‌హాటనున 1937లో పుట్టిన కార్నెగీ డెలి 2016 తుదిదినమున మూతపడెను. కాట్జువారిని కాపాడినది భవనము వారి సొంతమగుట. న్యూయార్కు చట్టమునుబట్టి, తన కప్పుపైన తాను కట్టుకొనక విడిచిన అంతస్తుల హక్కును ప్రక్కవానికి అమ్మవచ్చును. వారా హక్కును అమ్మి, ఆ పొట్టి భవనము పొట్టిదిగానే యుండునట్లు చేసికొనిరి; ప్రక్కన లేచిన క్రొత్తమేడ వీరి ఆకాశమును కొనుక్కొన్నది, వీరు నేలను నిలుపుకొనిరి. ఆలన్ కుమారుడు జేక్ డెల్ 2009 చివర వచ్చి చేరి ఇప్పుడు నిర్వహణభారమును వహించుచున్నాడు. 2017లో బ్రూక్లిన్ సంతలో ఒక చిన్న శాఖను తెరచిరి. అంతకుమించి వీధివీధికి శాఖలు పెట్టలేదు.

వరుసలో నీ వంతు వచ్చినపుడు కోతగాడు నీవు కోరినది విని, ఆవిరిపెట్టెనుండి మాంసపు ఖండమును తీసి, మొదటి ముక్క కోసి, దానిని రొట్టెపై పెట్టడు. చిన్న పళ్ళెములో వేసి, రుచి చూడుమని అరుగుపైనుండి నీ ముందుకు జరుపును. నీవు దానిని నోటవేసికొని తలయూచువరకు కత్తి ఆగియుండును. అటుపిమ్మట అతడు నీ చీటీ యడిగి తీసికొని, పెన్సిలుతో ఒక గీత గీసి, తిరిగి నీ చేతిలో పెట్టును.